‘పోస్ట్ కెప్టెన్’ను తెలుగులో ఏమనాలి?

మిత్రులొకరు తమ అనువాదంలో ‘పోస్ట్ కెప్టెన్’ను ‘నౌకాధిపతి’ అని రాసి, అది సరైనదేనా అని అడిగారు. వారికి నా జవాబు ఇది: సరైనది కాదనే అనుకుంటున్నాను. నౌకాధిపతి అనగానే ఎదురుగా ఒక నౌక ఉండాలి. తెరచాపల కాలపు బ్రిటిష్ నౌకాదళంలో పోస్ట్ కెప్టెన్‌కు ఏళ్ల తరబడి నౌకే లేకపోవచ్చు.

ఆ రోజుల్లో స్లూపు అనే చిన్న యుద్ధనౌకను నడిపే కమాండర్‌ను కూడా మర్యాదకు ‘కెప్టెన్’ అనే పిలిచేవారు. అంతకంటే పెద్ద తరగతి యుద్ధనౌకకు కెప్టెన్‌గా నియమితుడైనవాడు మాత్రమే పోస్ట్ కెప్టెన్. అప్పటినుంచి అతని పేరు సీనియారిటీ జాబితాకెక్కి, పైవారు ఖాళీ చేసేకొద్దీ పైకి జరిగేది తప్ప, వెనకవాడు ఎంత సమర్థుడైనా అతణ్ణి దాటిపోయే వీలుండేది కాదు. నెత్తుటి యుద్ధమో రోగాల కాలమో రావాలని ఆ అధికారులు విందుల్లో మద్యం గ్లాసులెత్తడం ఊరికే కాదు.

ఆ నౌకాదళపు ప్రసిద్ధ సేనాని నెల్సన్‌నే చూడండి. 1771లో 12 ఏళ్లకే ఓడెక్కి, 1777లో లెఫ్టినెంటై, 1779 జూన్‌లో 20 ఏళ్లకే పోస్ట్ కెప్టెన్ అయ్యాడు. (లెఫ్టినెంటయ్యే నాటికి మేనమామ సక్లింగ్ నౌకాదళ కంట్రోలర్‌గా ఉండటం అడ్డు రాలేదనే చెప్పాలి.) తర్వాత 1793 జనవరి దాకా ఐదేళ్లకు పైగా ఓడ లేకుండా నార్ఫోక్‌లో కూర్చున్నా, జాబితాలో అతని పేరు కూర్చోలేదు. 1797 ఫిబ్రవరిలో సెయింట్ విన్సెంట్ యుద్ధంలో అతను చూపిన సాహసం లండన్‌లో తెలియకముందే, ఆ జాబితా క్రమంలోనే రియర్ అడ్మిరల్ అయిపోయాడు.

అలా ఒడ్డున ఉన్నప్పుడు ఇచ్చే ‘హాఫ్ పే’ను మీరు ‘సగం జీతం’ అన్నారు. అలా అంటే మన పాఠకుడు ఆయన సస్పెండయ్యాడనుకుంటాడు. మళ్లీ పిలిచేదాకా హోదా నిలుపుతూ ఇచ్చే భృతి అది. ‘నిరీక్షణ భృతి’ అంటే నయం.

హోదా వేరు, ఓడ మీది పని వేరు అనడానికి మన విశాఖ రేవులోనే ఉదాహరణ ఉంది. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు నౌకలతో వచ్చిపడినప్పుడు, అక్కడున్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ అసలు కెప్టెన్ రైనియర్ జబ్బుతో మద్రాసులో ఉన్నాడు. తాత్కాలికంగా వచ్చిన లిండ్ ఆ వేళకు ఒడ్డున ఉన్నాడు. ఆయన ఓడ చేరేదాకా పోరు నడిపింది ఒక లెఫ్టినెంటు. ఈ ముగ్గురిలో ‘నౌకాధిపతి’ ఎవరో మీరే చెప్పండి.

‘సరంగు’, ‘తండేలు’ చక్కటి మాటలే కానీ, అవి కూడా పడవ మీది పనికే పేర్లు. ‘పోస్టింగ్ కెప్టెన్’ అంటే బదిలీ ఉత్తర్వు గుర్తుకొస్తుంది. రాణులెందరున్నా పట్టం కట్టుకున్నది పట్టపురాణి అయినట్టే, ‘పట్టపు కెప్టెన్’ అంటే ఎలా ఉంటుంది? కాస్త రాచవాసన ఉన్న మాట నిజమే; కానీ మర్యాదకు పిలిచే కెప్టెన్‌కూ, జాబితాకెక్కిన కెప్టెన్‌కూ తేడా అందులో వినిపిస్తోంది. సంభాషణల్లో మాత్రం ఇద్దరినీ ‘కెప్టెన్’ అనే పిలిపించండి, వాళ్లూ అలాగే పిలుచుకున్నారు.