ఈ వారం సమస్య: గాలి లేని బండి గాలి కెగిరె

నిర్వాహకుడు (దేవుని కడప):
ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. పై మూడు పాదాలూ మీరు రాసి పూరించండి.

గాలి లేని బండి గాలి కెగిరె

ఇది ఎట్లా పుట్టిందో చెప్పాలి. మొన్న ఆదివారం పొద్దున్నే సైకిలు మీద పుష్పగిరికి పోయి తిరిగొస్తుంటే వెనక చక్రంలో టప్పుమని ఒక పుల్ల (స్పోకు) విరిగింది. రిమ్ము ఒక పక్కకు గుంజి, టైరు ఫ్రేముకు రాసుకోవడం మొదలుపెట్టింది. సరే, మెల్లగా పోదాం అనుకుంటే ఇంకో అర్ధగంటకు గాలి కూడా పోయింది. తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటానని మాటిచ్చి వచ్చినవాణ్ణి. మరదలి కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు, అదీ మా ఊరి గుడిలోనే. పదిన్నరకు బండి తోసుకుంటూ దిగేసరికి గుండు అయిపోయింది, నెత్తికి గంధం కూడా పూసేశారు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే పెద్ద టెన్షన్. మా పిల్లోడు మాత్రం "నాయనా, బండి గాలికి ఎగిరొచ్చి ఉంటే బాగుండు కదా" అన్నాడు. గాలే లేని బండి గాలికి ఎగరడమా అనుకున్నా. పాదం దానంతటదే వచ్చి కూర్చుంది.

కొత్తవాళ్ల కోసం: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు ("గాలి", "ఎగిరె" లాంటి చిన్న తూకాలు), రెండు ఇంద్రగణాలు (కాస్త పెద్దవి). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది జత కలవాలి; బదులుగా ఆ రెండింటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. వేమన నడిచిన దారే కాబట్టి ఎవరికీ భయం అక్కర్లేదు.

అయ్యవారు (ప్రొద్దుటూరు):
గాలికి + ఎగిరె, గాలి కెగిరె. సంధి సరే, యతి సరే. ట్యూబులోని గాలి ఒకటి, బయట వీచే గాలి ఒకటి, ఈ రెండర్థాలూ అందరికీ తోస్తాయి. మూడో గాలిని పట్టినవాళ్లకే నా వోటు. అదేమిటో చెప్పను.

చెరువుగట్టు (ఖాజీపేట):
నాది మొదటి బోణీ.

పల్లె దారి నిండ పల్లేరుగాయలే
గుచ్చి గుచ్చి ట్యూబు గుల్లచేసె
తోసుకొనుచు రాగ దుమ్ము సుడులు లేచి
గాలి లేని బండి గాలి కెగిరె

అయ్యవారు:
మొదటి రెండు పాదాలు బంగారం. పల్లేరుగాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది, అది టైరు తొక్కినవాడికే తెలుసు. "గుచ్చి గుచ్చి గుల్ల" అన్నప్పుడు ఆ చప్పుడు కూడా వినిపించింది. మూడో పాదంలో యతి (తో – దు) కుదిరింది గానీ నమ్మకం కుదరలేదు. మన పాత బండి ఇరవై కిలోలకు తక్కువ తూగదు. దుమ్ముసుడి దాన్ని లేపిందంటే నాయనా, నిన్ను ముందు లేపుండాలి.

చెరువుగట్టు:
నన్నూ లేపింది అయ్యవారూ. నాలుగు పాదాల్లో చోటు చాలక చెప్పలేదు.

పాత కండక్టరు (రాయచోటి):
ముప్పై ఏండ్లు ఈ రూటులో టికెట్లు కొట్టినవాణ్ణి. నా పూరణ జరిగిన కథే.

పంక్చరైన దాని బస్సుపై కెత్తించి
తాడు వదులుగాను తగులగట్ట
గువ్వలచెరువుకడ కొండమలుపులోన
గాలి లేని బండి గాలి కెగిరె

నిర్వాహకుడు:
అన్నా, ఇది నేరుగా ఉంది. పంక్చరైందన్నారు కాబట్టి గాలి లేదు. బస్సు మీదికి ఎత్తించారు కాబట్టి ఎత్తుంది. తాడు వదులు, ఘాటు మలుపు. ఎగరక ఏం చేస్తుంది! సమస్యలో ఉన్న అసంభవాన్ని ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చారు. గువ్వలచెరువు పేరు గణాల్లో అంత సులువుగా ఒదుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఊరంటే ఇంతవరకు నాకు పాలకోవానే గుర్తు.

అయ్యవారు:
"వదులుగాను"లో "గాను" గణం నింపడానికి వచ్చిందే. అయినా వదలొచ్చు. గు – కొ యతి చూశారా, హల్లు వర్గం ఒకటే, అచ్చులు ఉ, ఒ మైత్రి. ఎర్రముక్కపల్లి అమ్మాయి దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకో కింద తెలుస్తుంది.

కొత్త గేరు (చిన్నచౌకు):
నాది గేర్ల సైకిలు. ట్యూబ్‌లెస్ టైర్లు, కాబట్టి పల్లేరు బాధ నాకు లేదు. గొలుసు బాధే.

గేరు మార్చబోతె గొలుసు ఊడిపోయె
చేతి నిండ మసియె చెమట నూనె
కోపమొచ్చి నేను కొండనుండి విసర
గాలి లేని బండి గాలి కెగిరె

అయ్యవారు:
అబ్బీ, మొదటి పాదంలో మూడు సూర్యగణాలు బాగానే తొక్కావు. నాలుగో గణం దగ్గర నీ పద్యం గొలుసే ఊడింది. "గొలుసు ఊ" దాకా నగం అనే ఇంద్రగణం అనుకుందాం, మిగిలిన "డిపోయె" జగణం. ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. గే – గొ యతీ కుదరదు. పైగా "గొలుసు ఊడి" అని విడదీసి రాస్తే విసంధి. ఇట్లా తిప్పి చూడు:

గేరు మార్చునపుడు గెంతి యూడె గొలుసు

"కోపమొచ్చి" మాట్లాడుకునే మాట. "కోపగించి" అంటే గణమూ చెడదు, పద్యం మర్యాదా నిలుస్తుంది. ఇక అసలు సంగతి: గొలుసు ఊడితే గాలి ఎందుకు పోయింది?

కొత్త గేరు:
విసిరినాక పోయింది సార్.

అయ్యవారు:
అప్పుడు ఎగిరింది గాలి ఉన్న బండి! సమస్య తలకిందులైంది.

పాత కండక్టరు:
అబ్బీ, ఆ పద్యం మీ నాయన చూడకుండా చూసుకో. బండి కొన్నప్పటి నుంచి వాయిదాలు కడుతున్నది ఆయనే అన్నావు కదా.

చిన్నోడి వాళ్లమ్మ (ఎర్రముక్కపల్లి):
ఇంతవరకు అందరూ తొక్కేవాళ్లే రాశారు. తొక్కేవాళ్ల ఇంట్లో ఉండేవాళ్ల తరఫున నేను. మా ఆయనకు మూడు సైకిళ్లు. ఒకటి వరండాలో, ఒకటి పడకగదిలో గోడకు, ఇంకోటి మామగారిది, మిద్దె మీద పాత సామాన్లలో. ఆరేయడానికి పోయిన చీరకు గొలుసు నూనె అంటితే పోదు, చెప్పినా ఎవరికీ పట్టదు.

చిన్నవాడు నిదుర చెందుచు కలగనె
తుప్పు పట్టినట్టి తాతబండి
మేఘములను దాటి మీదికి పోవుచు
గాలి లేని బండి గాలి కెగిరె

అయ్యవారు:
అమ్మా, కలలో జరిపించేయడం అవధానుల పాత మందే, అయినా ఇక్కడ పిల్లోడి కల కాబట్టి అతికింది. రెండు దోషాలున్నాయి. "తుప్పు – తాత" దగ్గర త కారం కలిసింది గానీ అచ్చు కలవలేదు. ఉ కు ఆ తో మైత్రి లేదు. కండక్టరుగారి గు – కొ చూడమన్నది అందుకే. రెండోది, "నిదుర చెందుచు" అని మన ఇళ్లలో ఎవరంటారు? చి కోసం చె ని బలవంతంగా లాక్కొచ్చావు. పిల్లోడు కల కన్నాడు అనేకంటే లేచి చెప్పాడు అంటే ఇంకా ముద్దుగా ఉంటుంది.

చిన్నోడి వాళ్లమ్మ:
నిజమే, వాడు రోజూ లేస్తూనే కల చెప్తాడు. నేను ఒక పక్క దోశ వేస్తూ ఊఁ కొడుతుంటా. మార్చాను, ప్రాసయతి వేశాను:

చిన్నవాడు కలను జెప్పె పొద్దున లేచి
తుక్కులోని తాత డొక్కుబండి
మేఘములను దాటి మీదికి పోయెను
గాలి లేని బండి గాలి కెగిరె

నిర్వాహకుడు:
"తుక్కులోని తాత డొక్కుబండి"! అక్కా, ఇది నేను రాసుంటే నాలుగు రోజులు నేల మీద నడిచేవాణ్ణి కాదు. తప్పు దిద్దుకోవడంలో మొదటిదానికంటే మంచి పాదం రావడం అరుదు.

అయ్యవారు:
నాకిక పని లేదు. మీ మామగారి బండి అమ్మద్దు.

బెండు మేస్త్రీ (ఏడురోడ్లు):
నిర్వాహకుడన్న బండి ఇప్పుడు నా అంగడి ముందరే ఉంది. పద్యనాటకాల్లో వేషాలు కట్టినోణ్ణి, నాకూ ఒక పద్యం వచ్చింది.

వేపచెట్టు కొమ్మ వ్రేలాడదీసితి
చక్రమందు బెండు చక్కదీయ
ట్యూబు లేదు దాన. టోపి యెగురు గాలి –
గాలి లేని బండి గాలి కెగిరె

పంక్చరు సంగతి పక్కన పెట్టండి, ముల్లు తీసి ప్యాచీ వేస్తే అయిపాయె. అసలు బాధ చక్రం కట్టేదాంట్లో ఉంది. పాత బండ్లకు ముందర చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. అన్న కొత్త రిమ్ము తెచ్చినాడు, లెక్కపెడితే 36 బెజ్జాలు. చక్రం నడుమ ఉండే హబ్బులో 40. పుల్లలు పెట్టుకుంటా పోతే చివర్లో నాలుగు చేతిలో మిగుల్తాయి, వాటిని నేను ముక్కులో పెట్టుకోవాల్నా? మళ్లీ పోయి మార్చుకరమ్మని పంపించినా.

సరైన రిమ్ము వచ్చినాక కూడా పని అప్పుడే మొదలు. అన్ని పుల్లలూ అల్లి, నిప్పిళ్లు (పుల్ల కొసకు బిగించే మరలు) ఒక్కటే తీరుగ తిప్పి, చక్రాన్ని తిరగనిస్తే అది కల్లు తాగినోని మాదిరి ఊగుతాది. సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా పట్టుకుంటా. ఎక్కడ గీత పడిందో అక్కడ అది ఆ పక్కకు గుంజింది. కుడికి గుంజింటే ఆ జాగాలో ఎడమ పుల్ల పావు చుట్టు బిగించాల, కుడిది అంతే వదలాల. పావు కంటే ఎక్కువ తిప్పినావా, ఆ బెండు పోయి పక్కన ఇంకోటి పుడతాది. తొందరపడేవాళ్లు ఒక్క పుల్లనే పట్టుకోని బిగిస్తారు. పైకి చక్రం బాగనే తిరుగుతాది, వారం తర్వాత పుష్పగిరి దారిలో టప్పుమంటాది. అన్నకు అయ్యింది అదే. ముందు కట్టినోడు ఎవడో నేను అడగను.

అయ్యవారు:
మేస్త్రీ, నువ్వు చెప్పింది నా పని గురించే అనిపించింది. ఒక యతి కోసం ఒక్క మాటనే బిగిస్తే పక్క పాదంలో అర్థం వంకర పోతుంది. పద్యం విషయానికొస్తే ట్యూ – టో యతి అందరికీ తట్టదు. చివరి రెండు పాదాల్లో "గాలి" మూడుసార్లు వచ్చినా బరువనిపించలేదు. ఆక్షేపణ ఒక్కటే: కొమ్మకు కట్టిన బండి గాలికి ఊగుతుంది, ఎగరదు.

బెండు మేస్త్రీ:
మీరు నా అంగట్లో నిలబడి చూడలేదు. తాడు తెగింది.

సిద్ధవటం బాధితుడు:
నాలుగు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. నా గోడు కూడా వినండి. సిద్ధవటం కోట చూసి వస్తుంటే పెన్న వంతెన దగ్గర ట్యూబుకు చిల్లు పడింది. దారినపోయే తెలిసినాయన ఒకరు చూసి, మా ఇంటికి ఫోన్ చేసి "మీవాడిది పోయింది" అన్నారట. గాలి పోయిందని ఆయన ఉద్దేశం. ఫోనెత్తింది మా అవ్వ, ఆమెకు చెవుడు. ఇంక చెప్పేదేముంది.

సిద్ధవటము కడను చిల్లుపడగ ట్యూబు
పోయినాడటంచు ఫోను చేయ
ఊరివారి నోట నొక్కొక్క రెక్కతో
గాలి లేని బండి గాలి కెగిరె

నేను బండి తోసుకుంటూ మా వీధిలోకి వచ్చేసరికి ఇంటి ముందు షామియానా వేయించడానికి మనిషిని పంపారు. నన్ను చూసి మా అత్త ఏడుపు ఆపలేదు, ఏడుపులోనే తిట్టడం మొదలుపెట్టింది.

నిర్వాహకుడు:
అయ్యవారూ, మూడో గాలి ఇదేనా?

అయ్యవారు:
ఇదే. గాలికబురు! ఇంతవరకు అందరూ బండిని ఎగరేయడానికి కొండలు, బస్సులు, సుడిగాలులు తెచ్చారు. ఈయన బండిని కదపనే లేదు. అది అక్కడే వంతెన మీద చిల్లుతో నిలబడి ఉంది, ఎగిరింది దాని కబురు. ఒక్కో నోటికి ఒక్కో రెక్క మొలవడం నాకు ఒళ్లు జలదరించింది. "పోయినాడు"లో "పో" కు "ఫో" యతి అంత సహజంగా పడటం అదృష్టం.

ఒక్క సవరణ. "చేయ" తర్వాత "ఊరివారి" విసంధి. చేయన్ + ఊరివారి కాబట్టి "నూరివారి నోట నొక్కొక్క రెక్కతో" అని ఉండాలి. యతి అప్పుడూ నిలుస్తుంది.

చెరువుగట్టు:
"నూరివారి" అంటే నూరుమంది అనుకుంటారు కదా సామీ?

అయ్యవారు:
అనుకోనీ. కబురు మోసినవాళ్లు అంతకు తక్కువ ఉండరు.

సిద్ధవటం బాధితుడు:
దిద్దుకుంటాను. మా అవ్వకు ఈ పద్యం చదివి వినిపించాను. ఆమె "ఎవరు పోయినారు నాయనా?" అంది.

నిర్వాహకుడు:
ఈ వారం సిద్ధవటం పూరణకే పెద్ద వోటు. నాకు మాత్రం డొక్కుబండి పాదం మీదే మనసుంది, అయ్యవారు కోప్పడినా సరే. వచ్చే వారం కందం ఇస్తాను, కొత్త గేరు అబ్బీ ఇప్పటి నుంచే జగణం ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి.

బెండు మేస్త్రీ:
అన్నా, 40 బెజ్జాల రిమ్ము దొరికింది, కట్టి పెట్టినా. బెండు లేదు. చీకటి పడేలోపల వచ్చి తీసుకపో, వేపచెట్టుకు ఇంకో బండి కట్టాల. వచ్చేటప్పుడు కొత్త తాడు ఒకటి తెచ్చీ.