అప్‌డేట్: ఫిల్మ్ నుంచి డిజిటల్‌కి మారుతూ ఖరీదైన టెలి లెన్స్ కొనాలా?

ఫిల్మ్ కెమెరా వదిలి డిజిటల్‌కి వెళ్తున్న టైంలో టెలి లెన్స్ (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపేది) మీద అంత డబ్బు పెట్టొచ్చా అని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ ఈఎఫ్ 400 ఎంఎం ఎఫ్/5.6 తీసుకున్నాను.

కెమెరా బాడీలు మారినా లెన్స్ నిలుస్తుందని మీరన్నది నిజం. 1987లో వచ్చిన ఈఎఫ్ మౌంట్ (లెన్స్‌ని బాడీకి బిగించే భాగం) నా పాత ఫిల్మ్ బాడీకీ, ఈ డిజిటల్ బాడీకీ ఒకటే. పైగా ఈ డిజిటల్ బాడీలో సెన్సర్ ఫిల్మ్ ఫ్రేమ్ కన్నా చిన్నది, 1.6 క్రాప్, అంటే దృశ్యం 1.6 రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. ఫ్రేమ్‌లో 640 ఎంఎం లెన్స్ పెట్టినంత దగ్గరగా కనిపిస్తోంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు నీళ్లలో ఉన్న చెట్ల మీద ఉంటాయి. గట్టు దాటి వెళ్లలేం, వెళ్లకూడదు కూడా. తల్లి గొంతు సంచిలో తల దూర్చి పిల్ల తినడం ఇప్పుడు ఎంత స్పష్టంగా వచ్చిందో! ఆ ఒక్క ఫొటోకే పెట్టిన డబ్బు మీద బెంగ పోయింది.

ఈ లెన్స్‌లో చేతి కుదుపుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు. పులికాట్ సరస్సు గాలికి లెన్స్ కదిలినా ఫొటో చెదరకుండా షట్టర్ స్పీడ్ 1/1000 సెకను పెడుతున్నా. వెలుతురు తగ్గితే ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే సెట్టింగ్) పెంచుకుంటున్నా. ఫిల్మ్‌లో అయితే ఐఎస్ఓ మార్చాలంటే రోల్ అయ్యేదాకా ఆగాలి.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో తప్పకుండా చూడండి. మన నెల్లూరు ఉక్కకి అది త్వరగా పడుతుంది. నేనైతే గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెడుతున్నాను.