అప్‌డేట్: పాప ఫీజు గురించి స్కూల్లో మాట్లాడాను

మావారి ఉద్యోగం పోయింది, పాపను క్రిస్టియన్ స్కూల్ మాన్పించాలా అని అడిగాను కదా. ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడమన్న అందరికీ కృతజ్ఞతలు. పాప మానక్కర్లేదు! సగం ఫీజు సహాయ నిధి నుంచి సర్దుతారు, మిగతాది వాయిదాల్లో కట్టొచ్చు. జీతం ఆగినట్టు కాగితాలు అడిగారు, అది న్యాయమే.

నన్ను బాగా కదిలించింది ఇంకోటి. ఈ సంగతి క్లాస్ టీచర్‌కి కూడా చెప్పరట. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త 6:3లో ఉంది, మేమూ అలాగే చేస్తాం అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. పాప ముభావంగా ఉంటోందంటే కౌన్సెలర్‌తో మాట్లాడిస్తున్నారు. స్కూల్లో ప్రార్థనలు, ఓదార్పు మాటలు చూసుకునే చాప్లిన్ గారు మావారికి ఫోన్ చేసి, ప్రార్థన చేయమంటారా అని అడిగి, సరేనన్నాకే చేశారు. మేం చర్చికి వెళ్లేవాళ్లం కాదు, అయినా అలా అడగడం ఎంతో నచ్చింది.

ఈ సాయం ఒక్క ఏడాదికే. పైఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాలి.