ఇంట్లో బ్రెడ్ చేసుకుంటే కవర్ల చెత్త తగ్గుతుందా? బెంగళూరు వాళ్లు చెప్పండి

హెచ్ఎస్ఆర్_లత:
మా ఇంట్లో వారానికి రెండు బ్రెడ్ ప్యాకెట్లు. జనవరి నుంచి ఖాళీ కవర్లన్నీ ఒక సంచిలో దాచాను. మొన్న లెక్కపెడితే 53! చూసి బాధేసింది. ఓటీజీ (కరెంటు ఓవెన్) కొనమంటారా? ఏ పిండి వాడాలి, కవర్ లేకుండా నిల్వ ఎలా, కరెంటు ఎంత కాలుతుంది?

వైట్‌ఫీల్డ్_రమణ:
కళ్లు మూసుకుని కొనండి. రెండేళ్లుగా నేను బయట బ్రెడ్ ముట్టలేదు. 500 గ్రాముల మైదా, 300 మి.లీ. నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ యీస్ట్. 200 డిగ్రీల్లో 35 నిమిషాలు. తీశాక అడుగున వేలితో కొడితే డొల్లగా మోగాలి. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి, వారం ఉంటుంది.

బనశంకరి_బేకర్:
ఫ్రిజ్‌లోనా? ఎవరు చెప్పారండీ మీకు? 18 ఏళ్లు బేకరీలో పిండి పిసికిన చేతులివి. ఫ్రిజ్ చలికి బ్రెడ్ బయట ఉన్నదానికంటే త్వరగా గట్టిపడుతుంది. పెడితే ఫ్రీజర్‌లో పెట్టాలి, లేదా గుడ్డలో చుట్టి రెండు రోజుల్లో తినేయాలి.

వైట్‌ఫీల్డ్_రమణ:
ఈ వానల్లో బయట పెట్టి చూడండి, మూడో రోజుకి పచ్చగా బూజు. రోజూ తినేవాణ్ణి, నాకు తెలియదా?

బనశంకరి_బేకర్:
బూజు వేరు, గట్టిపడటం వేరు. రెండూ కలిపేసి కొత్తవాళ్లను తప్పుదోవ పట్టించకండి.

జయనగర్_పద్మ:
మీ ఫ్రిజ్ గొడవ ఆపండి బాబూ. మైదా, యీస్ట్ కూడా కవర్లలోనే వస్తాయిగా! నేను స్టీలు డబ్బాతో మిల్లుకెళ్లి గోధుమలు పట్టించుకొస్తాను. మొదట మూడుసార్లు ఇటుకే వచ్చింది. మిల్లు పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, మైదా కొలతే పోస్తే పిండి బిర్రుగా అయిపోతుంది. ఇప్పుడు సగం మైదా కలుపుతున్నా, పిల్లలు వంక పెట్టకుండా తింటున్నారు.

బనశంకరి_బేకర్:
అరకిలో యీస్ట్ ప్యాకెట్ తెచ్చి గాజు సీసాలో పోసి ఫ్రీజర్‌లో ఉంచండి. 5 గ్రాముల చొప్పున వంద బ్రెడ్లకు ఒకే కవరు.

కేఆర్‌పురం_రాజు:
మాది అనంతపురం. అమ్మ జొన్నరొట్టెలు కాల్చి గుడ్డ పరిచిన బుట్టలో పెట్టేది. కవరన్న మాటే లేదు. అసలు బ్రెడ్ ఎందుకండీ?

హెచ్ఎస్ఆర్_లత:
పొద్దున ఏడింటికి బస్సెక్కే పిల్లలకు జొన్నరొట్టె ఎవరు కాలుస్తారు? మీరొచ్చి కాలుస్తారా?

కేఆర్‌పురం_రాజు:
కోప్పడకండి అక్కా. మా ఇంట్లో ఆదివారం కాల్చేది నేనే.

మల్లేశ్వరం_శ్రీ:
ఓటీజీ అందరికీ కుదరదు. నేను అయ్యంగార్ బేకరీకి డబ్బా తీసుకెళ్లి, అప్పుడే కోసిన బ్రెడ్ అందులోనే వేయించుకుంటాను. న్యూస్‌పేపర్లో మాత్రం చుట్టనివ్వకండి, సిరా తిండికి అంటుతుంది. 2022 జూలై 1న వచ్చిన ప్లాస్టిక్ నిషేధంలో స్ట్రాలు, ప్లేట్లు ఉన్నాయి గానీ బ్రెడ్ కవర్లు లేవు. మనంతట మనం మానాల్సిందే. లత గారూ, ఆ 53 కవర్లలో తునకలు దులిపి పొడి చెత్తలో వేయండి, తడి చెత్తలో కలిస్తే ఇక ఎందుకూ పనికిరావు.

హెచ్ఎస్ఆర్_లత:
దులిపేశాను. కరెంటు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

వైట్‌ఫీల్డ్_రమణ:
బేకర్ గారూ, ఇవాళ్టి బ్రెడ్ సగం గుడ్డలో, సగం ఫ్రిజ్‌లో పెట్టాను. ఎల్లుండి రెండూ కోసి ఫోటో పెడతాను.