బరువు తగ్గడానికి మాత్ర ఉండగా సూది ఎందుకు?

టీచరమ్మ, అనంతపురం:
మా డాక్టరు గారు షుగరు, బరువు రెండూ చూసి సెమాగ్లూటైడ్ అనే మందు మొదలుపెడదామన్నారు. వారానికో సూదా, రోజుకో మాత్రా, ఇంట్లో ఆలోచించుకుని రమ్మన్నారు. మందు ఒకటే అయినప్పుడు ఇందులో ఆలోచించడానికేముంది? మాత్ర దొరుకుతుంటే సూది జోలికి పోనక్కర్లేదని నా వాదన. సూది మాట ఎత్తగానే మా అత్తమ్మ "అప్పుడే ఇన్సులిన్ దాకా వచ్చిందా" అని మొహం మాడ్చుకుంది. మాత్రైతే ఎవరికీ తెలీదు. టిఫినుతో పాటు గుటుక్కున వేసుకుని బడికి పోవచ్చు. కాదనేవాళ్లుంటే కారణం చెప్పండి.

మందుల షాపు, కర్నూలు:
టిఫినుతో పాటు వేసుకుంటే ఆ మాత్ర దండగే అక్కా. రైబెల్సస్ పేరుతో అది 2022 నుంచి మన దేశంలో ఉంది. కొనేవాళ్లకు కౌంటర్ దగ్గర నేను చెప్పేది ఇదీ: లేవగానే పరగడుపున, అరగ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. నీళ్లు 120 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆ తర్వాత కనీసం అరగంట టీ లేదు, టిఫిను లేదు, ఇంకో మాత్ర కూడా లేదు. సెమాగ్లూటైడ్ పెప్టైడ్ జాతి మందు, అంటే చిన్న ప్రొటీను లాంటిది. మామూలుగా మింగితే కడుపులోనే అరిగిపోతుంది. అందుకే స్నాక్ అనే ఇంకో పదార్థం కలుపుతారు. అది మాత్ర చుట్టుపక్కల ఆమ్లం జోరు తగ్గించి మందును కడుపు గోడలోంచి లోపలికి పంపుతుంది. ఇంత చేసినా రక్తంలోకి చేరేది ఒక శాతమో, ఇంకా తక్కువో.

మీరే లెక్కేయండి. రోజుకు 14 మిల్లీగ్రాములంటే వారానికి 98 మింగినట్టు. అదే మందు సూదిగా వచ్చే వెగోవీలో మామూలు పూర్తి మోతాదు వారం మొత్తానికి 2.4 మిల్లీగ్రాములే. చేరే ఆ కాస్త మందుకూ పొద్దున్నే టీ అడ్డం పడితే మిగిలేదేముంది? చాలామంది షీటులోంచి అన్నీ చించి వారం డబ్బాలో పోసుకుంటారు, అదీ తప్పే. గాలిలో చెమ్మ తగలకుండా వేసుకునేదాకా ఆ షీటులోనే ఉండాలి.

పెన్నా ఒడ్డు, కడప జిల్లా:
షాపాయన ఏసీలో కూర్చుని చెప్తున్నాడు. సూది కష్టాలు మా పల్లెకొస్తే తెలుస్తాయి. నేను మౌంజారో అనే బరువు తగ్గే సూది వాడుతున్నా. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలంటారు. బయట కొన్నాళ్లు ఉంచొచ్చు గానీ 30 డిగ్రీలు దాటకూడదంట. మే నెలలో మా ఇంట్లో రాత్రి పూట కూడా 30 ఉండదు సామీ, ఇంకా పైనే! కరెంటు పోయిందంటే ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. పోనీలే అని ఐసుగడ్డకు ఆనించి పెడితే గడ్డకట్టుకుపోతుంది. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా వాడకూడదు. అన్ని వేలు పోసి కొన్నది పనిచేస్తుందో లేదోనని టెన్షన్. మాత్రకు ఈ బాధ లేదు. టీచరమ్మ చెప్పిందే కరెక్టు.

మందుల షాపు, కర్నూలు:
ఎండ సంగతి ఒప్పుకుంటా. మధ్యాహ్నం మూడింటికి బైకు డిక్కీలో పెన్ను వేసుకుని పోయేవాళ్లను చూస్తే నాకే గుండె ఆగుతుంది. చల్లని సంచి తెచ్చుకుని పొద్దున్నే రమ్మంటాను.

నాయనమ్మ కూతురు, కడప:
ఆ అరగంట గురించి నేను చెప్తా. నాకు థైరాయిడ్ ఉంది. థైరాయిడ్ మాత్రా పరగడుపునే, దాని తర్వాతా అరగంట, గంట ఆగాల్సిందే. రెండూ కలిపి వేసుకోవద్దన్నారు. ముందు ఏది, తర్వాత ఏది? ఇంట్లో అందరికీ టీ పెట్టి, నేను మాత్రం గడియారం చూస్తూ కూర్చోవాలి. రంజాన్‌లో మా పక్కింటి ఆపా అవస్థ ఇంకా ఎక్కువ. సహరీకి లేచేదే చీకట్లో, ఈ మాత్ర కోసం ఇంకో అరగంట ముందు లేవాలి. చివరికి ఆమె డాక్టరుతో మాట్లాడి సూదికి మారింది. శుక్రవారం శుక్రవారం వేసుకుంటుంది, మిగతా వారం ఆ ఊసే ఉండదు.

లెక్కల మాస్టారు, అనంతపురం:
అందరూ వేసుకునే తీరు గురించే మాట్లాడుతున్నారు. ఫలితం సంగతో? వెగోవీ సూది మీద జరిగిన స్టెప్-1 పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మాత్ర మీద ఒయాసిస్-4 పరీక్షలో 64 వారాలకు 13.6 శాతం. చూడ్డానికి పెద్ద తేడా లేదు. కానీ అక్కడ వాడిన మాత్ర 25 మిల్లీగ్రాములది. దానికి అమెరికాలో బరువు మందుగా అనుమతి వచ్చిందే 2025 డిసెంబరులో. రైబెల్సస్ షుగరు కోసం వచ్చిన మాత్ర, అందులో 3, 7, 14 మోతాదులు. 25తో వచ్చిన ఫలితం చూపించి 14 చేతిలో పెడితే అది తప్పుడు లెక్క. టీచరమ్మా, "మందు ఒకటే" అన్నారు, మోతాదు ఒకటి కాదు కదా.

కడపాయన మౌంజారో అసలు వేరే మందు, టిర్జెపటైడ్. దానికి మాత్ర లేదు. 2025లో వచ్చిన సర్మౌంట్-5లో రెండు సూదులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, 72 వారాల్లో టిర్జెపటైడ్ వాళ్లు 20.2 శాతం, సెమాగ్లూటైడ్ వాళ్లు 13.7 శాతం తగ్గారు.

సంగటి ముద్ద, కర్నూలు:
ఈ శాతాలన్నీ ఎందుకప్పా? రాగి సంగటి తిని, పొద్దున స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు కొడితే మాత్రా అక్కర్లేదు, సూదీ అక్కర్లేదు.

నాయనమ్మ కూతురు, కడప:
సంగటిలోకి నాటుకోడి పులుసు ఎంత పోసుకుంటావో అది కూడా చెప్పన్నా. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు మోస్తున్నవాళ్లకు నడవమని చెప్పడం సులువే. నడక మానమని ఇక్కడ ఎవరూ అనలేదు. అసలు ఈ మందులతో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి, గుడ్డో పప్పో సరిగ్గా తింటూ కాస్త బరువులెత్తే వ్యాయామం చేయమనే డాక్టర్లు చెప్తారు.

పెన్నా ఒడ్డు, కడప జిల్లా:
మాస్టారూ, సూదితో వాంతులు ఎక్కువని మా ఊళ్లో అంటారు, నిజమేనా? నాకు మోతాదు పెంచినప్పుడల్లా రెండు మూడు రోజులు అన్నం చూస్తే కడుపులో తిప్పేది.

మందుల షాపు, కర్నూలు:
వికారం, వాంతులు, మలబద్ధకం మాత్రతోనూ వస్తాయి. సూది గుచ్చినందుకు కాదు, మందు చేసే పనికి వస్తాయి. అందుకే రెండింటిలోనూ చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. కడుపులో పైభాగాన వీపు దాకా పాకే నొప్పి విడవకుండా వస్తుంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, అది క్లోమం వాపు కావచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్లలో ఒక అరుదైన రకం) ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. చీటీ లేకుండా జిమ్‌లో ఎవరో సీసాలో తెచ్చిచ్చే సూదులు మాత్రం ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

టీచరమ్మక్కా, మీకు సూదంటే భయంలా ఉంది కాబట్టి చెప్తున్నా. ఒజెంపిక్ (ఇదీ సెమాగ్లూటైడ్ సూదే) లాంటి పెన్నుకు బిగించే సూది నాలుగు మిల్లీమీటర్లే. పొట్ట మీద బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో వేసుకుంటారు. నరానికి కాదు, కండకూ కాదు, చర్మం కిందే. ఇన్సులిన్ కానే కాదని మీ అత్తమ్మకు నా మాటగా చెప్పండి.

టీచరమ్మ, అనంతపురం:
మా అత్తమ్మ నా మాటే వినదు, మీ మాట వింటుందా! సూది భయం నాది, అది నాలుగు మిల్లీమీటర్లన్నా పోదు. కానీ మాస్టారి మోతాదు లెక్కకు నా దగ్గర జవాబు లేదు. పైగా నాకూ థైరాయిడ్ మాత్ర ఉంది, బడి బస్సు ఏడున్నరకే. ఐదింటికి లేస్తే కుదురుతుందేమో. ఇంకొకటి. బరువు తగ్గాక మాత్రైతే మెల్లగా మానేయొచ్చు, సూదైతే జీవితాంతం అంటారు కదా?

లెక్కల మాస్టారు, అనంతపురం:
అదేం లేదు. సూది ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మాత్ర ఆపినా ఆకలి తిరిగొస్తుంది. కాబట్టి ఒక నెల ఖర్చు కాదు, మూడేళ్ల ఖర్చు వేసుకుని చూడండి. సెమాగ్లూటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చితో తీరిపోయింది, కాబట్టి పాత ధరలు చూసి బెదిరిపోవద్దు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రా సూదా అని కాకుండా, ఏ మోతాదు దాకా తీసుకెళ్తారు, థైరాయిడ్ మాత్ర ఏ వేళకు మార్చుకోవాలి అని అడగండి.

పెన్నా ఒడ్డు, కడప జిల్లా:
ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ ఉందో లేదో కూడా చూసుకోమనండి సార్.