బ్లూ కూలెంట్‌లో గ్రీన్ కలిసింది, మొత్తం మార్చాలా?

మాది 2016 వ్యాగన్ఆర్ పెట్రోల్. పోయిన వారం శ్రీశైలం వెళ్తూ మన్ననూర్ దగ్గర చూస్తే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా మీది మిన్ గీత కన్నా కిందికి ఉంది. దారిలో ఒక మెకానిక్ అడగకుండానే గ్రీన్ కూలెంట్ పోసేశాడు. లోపల ఉన్నది బ్లూ. ఇప్పుడు డబ్బాలో బురద రంగు వచ్చింది, మూత అంచున జిగురు వేలికి అంటుతోంది.

రంగు ఒక్కటే చూసి కొనకూడదని, లోపలి రసాయనం ఓఏటీనా (ఆర్గానిక్ యాసిడ్ రకం), పాత రకమా అన్నదే ముఖ్యమని తెలుసు. మరి మొత్తం తీసేసి డిస్టిల్డ్ వాటర్‌తో ఎన్నిసార్లు ఫ్లష్ చేయాలి? నీళ్లు ముందే కలిపి వచ్చే రెడీమిక్స్ పోయాలా, చిక్కటి కాన్‌సన్‌ట్రేట్ తెచ్చి డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలా? మా బోరు నీళ్లు బాగా ఉప్పు, అవి మాత్రం పోయను.

వచ్చే నెల అమ్మను తిరుమల తీసుకెళ్లాలి. ఘాట్ రోడ్డులో ఇంజిన్ వేడెక్కుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.