ఇండీ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకం నచ్చకపోతే రివ్యూ రాయాలా, ఊరుకోవాలా?

చుక్కలలెక్క:
ఈమధ్య ఒక స్పేస్ నవల చదివాను. ఇండీ, అంటే రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకం, రివ్యూ రాస్తారేమో చూడమని ఆవిడే ఈబుక్ పంపారు. దానికి ఇప్పటికి మూడే రివ్యూలున్నాయి, మూడూ అయిదు నక్షత్రాలే. సగం దాకా నేనూ ఆపకుండా చదివాను. ఆ ఓడలో ఇంజిన్ నడుస్తున్నంతసేపే మనుషులకి బరువుంటుందని రెండో అధ్యాయంలో ఎంత చక్కగా చెప్పారో! ఓడ వేగం పుంజుకుంటుంటే నేల కాళ్ళ కిందినుంచి తోసుకొస్తుంది, అదే వాళ్ళ గురుత్వం. పదకొండో అధ్యాయంలో ఇంజిన్ ఆగిపోతుంది. రెండు పేజీలు తిప్పేసరికి కెప్టెన్ కుర్చీలో కూలబడుతుంది, చేతిలో కప్పు జారి నీళ్ళు నేలమీద ఒలుకుతాయి. ఆ తడిలో ఒకడు కాలు జారి పడతాడు, ముగింపు మొత్తం దానిమీదే నడుస్తుంది. ఇంజిన్ ఆగాక బరువే ఉండకూడదు, కప్పూ నీళ్ళూ గాల్లో తేలాలి కదా! నాకు అక్కడే మనసు విరిగిపోయింది.

నేను రెండు నక్షత్రాలిస్తే సగటు 5 నుంచి 4.25కి పడిపోతుంది. వేల రేటింగులున్న పుస్తకానికైతే నా రెండూ ఒక లెక్కలోకే రావు. రెండు వారాలుగా ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

రాత్రిబండి:
రాయకండి. ఆవిడకి విడిగా ఒక మెయిల్ పెట్టండి. నేను రెండు ఫాంటసీ నవలలు సొంతంగా వేసుకున్నవాణ్ణి, ఆ బాధ తెలిసే చెబుతున్నాను. పెద్ద ప్రచురణకర్త దగ్గర ఎడిటర్, కాపీ ఎడిటర్, ప్రూఫ్ రీడర్ ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. మాకు అట్ట మీది బొమ్మకీ ఎడిటింగ్‌కీ జేబులోంచే పోవాలి. అన్నీ చూసుకున్నా ఇలాంటిది ఒకటి తప్పించుకుంటుంది. పైగా ఈబుక్‌లో తప్పు దిద్దుకుని కొత్త ఫైల్ ఎక్కించడం ఒక్కరోజు పని. మీ రివ్యూ మాత్రం దిద్దిన తర్వాత కూడా అక్కడే ఉంటుంది.

పాతఅట్ట:
రాత్రిబండి గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. రచయిత మార్క్ లారెన్స్ 2015లో ఎస్‌పీఎఫ్‌బీఓ అని సొంత ప్రచురణ ఫాంటసీలకి పోటీ మొదలుపెట్టాడు. 300 పుస్తకాలు, రివ్యూలు రాసే పది బ్లాగులు, తలా 30. ప్రతి బ్లాగూ తన వాటాలోంచి ఒక్కదాన్నే ఫైనల్‌కి పంపుతుంది. మిగతా 29 ఎందుకు పక్కన పెట్టామో చాలా బ్లాగులు బాహాటంగానే రాస్తాయి. అయినా రచయితలు పంపడం మానలేదు. రెండో పోటీలో గెలిచిన జొనాథన్ ఫ్రెంచ్ నవలని తర్వాత ఒక పెద్ద సంస్థ తీసుకుని మళ్ళీ వేసింది. 29 సార్లు కాదన్న బ్లాగు ముప్ఫయ్యోదాన్ని మెచ్చుకుంటే ఆ మాటకి విలువుంటుంది. అన్నిటినీ పొగిడేవాడి పొగడ్త నమ్మి నేనైతే పుస్తకం కొనను.

రాత్రిబండి:
పోటీకి పంపినవాళ్ళు ఓడిపోవడానికి సిద్ధపడే పంపుతారు కదండీ. అదీ ఇదీ ఒకటి కాదు.

పాతఅట్ట:
రివ్యూ కోసం కాపీ పంపడం కూడా అంతే. పొగుడుతారనే నమ్మకంతో పంపితే దాన్ని ప్రకటన అనాలి. అమెజాన్ నియమం కూడా ఉచిత కాపీ ఇవ్వొచ్చంటుంది, బదులుగా రివ్యూ రాయమని షరతు పెట్టొద్దంటుంది. రాస్తే మాత్రం కాపీ ఉచితంగా అందిందని మొదటి వాక్యంలోనే చెప్పేయండి చుక్కలలెక్క గారూ.

ఖాళీపేజీ:
రాయాలా వద్దా అన్నది సరే, అసలు ఏ తప్పుని ఎంత పెద్దదిగా చూడాలి? దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయినవాడి కథ, ఆండీ వీర్ 'ది మార్షన్' సంగతే తీసుకోండి. అదీ మొదట్లో ఇండీనే. తన వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా ఉచితంగా పెట్టాడు, చదివినవాళ్ళు సైన్స్ తప్పులు పట్టి చెబితే దిద్దుకున్నాడు. 2011లో కిండిల్‌లో 99 సెంట్లకి పెట్టాడు, 2014లో పెద్ద ప్రచురణకి వెళ్ళింది. అంత జాగ్రత్తగా రాసిన నవలా ఒక తుఫానుతో మొదలవుతుంది. అంగారకుడి మీద గాలి ఒత్తిడి భూమితో పోలిస్తే ఒక శాతం కంటే తక్కువే, గాలి మనిషిని అంత బలంగా తోయడం అక్కడ సాధ్యం కాదు. అది తెలిసే పెట్టానని వీర్ కూడా చెప్పాడు. పాఠకులు క్షమించేశారు. కథ మొదలవడానికి అడిగిన అప్పు అది, ఒక్కసారే అడిగాడు.

మీరు చెప్పిన కప్పు సంగతి అలాంటిది కాదు. ఆ నియమం పెట్టిందీ ఆవిడే, ముగింపుకి అడ్డొస్తే పక్కకి నెట్టిందీ ఆవిడే. ఫాంటసీలో సైన్స్ ఉండదు కానీ ఇదే చిక్కు అక్కడా ఉంది. మంత్రం వేసిన ప్రతిసారీ ఒక జ్ఞాపకం పోతుందని మూడొందల పేజీలు ఏడిపించి, చివరి యుద్ధంలో హీరో వంద మంత్రాలు వేసి అమ్మ పేరు కూడా మర్చిపోకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. అక్షరదోషాలు ఇండీ అని వదిలేస్తాను. దీన్ని మాత్రం ఎవరు వేసినా వదలను. ఎందుకంటే దీన్ని పట్టుకోవడానికి డబ్బున్న సంస్థ అక్కర్లేదు, శ్రద్ధగా చదివే స్నేహితుడొకడు చాలు.

రాత్రిబండి:
ఈ మాట ఒప్పుకుంటాను. నా మొదటి పుస్తకంలో ఒక నది రెండు చోట్ల రెండు దిక్కులకి పారింది. నలుగురు చదివారు, ఒక్కరూ చెప్పలేదు. ఐదో మనిషి అందరూ చూసేలా రాసింది. వారం పాటు నిద్ర పట్టలేదు కానీ దిద్దుకున్నాను. నాదొక్కటే విన్నపం: రాసేముందు ఇప్పుడు అమ్ముతున్న ఫైల్ తెరిచి చూడండి. మీకొచ్చింది పాత కాపీ అయ్యుండొచ్చు.

చుక్కలలెక్క:
చూశాను. కొన్నాను కూడా. కప్పు ఇంకా పడుతూనే ఉంది.

నిన్న రాత్రి రివ్యూ పెట్టాను. ఉచిత కాపీ సంగతి మొదటే చెప్పాను. రెండో అధ్యాయం గురించి ఒక పేరా నిండా రాశాను, అది నిజంగా అంత బాగుంది. మూడు నక్షత్రాలిచ్చాను. సగటుకి భయపడి ఇచ్చినవి కావు, మళ్ళీ మొదటినుంచి చదివితే మొదటి సగానికి అవి దక్కాలనిపించింది. "ఇంజిన్ ఆగిన తర్వాత ఓడ తన నియమాన్ని తానే మర్చిపోయింది" అని మాత్రం రాశాను. ఎవరు జారిపడ్డారో, దానివల్ల ఏమైందో చెప్పలేదు. ఆవిడకి అధ్యాయం, పేజీతో సహా మెయిల్ పెట్టాను.

రాత్రిబండి:
నేనైతే మెయిల్ ముందు పెట్టి, వారం ఆగి రివ్యూ పెట్టేవాణ్ణి.

చుక్కలలెక్క:
ఈసారి అలా చేసి చూస్తాను. పుస్తకం పేరు అడిగినవాళ్ళకి చెబుతాను, రెండో అధ్యాయం నమూనాగా ఉచితంగానే దొరుకుతుంది. అదొక్కటీ తప్పకుండా చదవండి.